కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎవరికీ బాకీ లేడు

1994 జనవరి 1 రాత్రి. మయామీలో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఆరెంజ్ బౌల్ ముగియడానికి ఇంకా ఒక నిమిషం పదహారు సెకన్లుంది. నెబ్రాస్కా 16, ఫ్లోరిడా స్టేట్ 15. నెబ్రాస్కా పదిహేడు పాయింట్లకు పైగా తేడాతో ఓడిపోతుందని పందెగాళ్లు లెక్కగట్టిన ఆట అది. అలాంటి జట్టును గెలుపు గుమ్మం దాకా లాక్కొచ్చినవాడు క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్. అవతల చార్లీ వార్డ్. మిగిలిన కాస్త సమయంలోనే వార్డ్ తన జట్టును గోల్ దాపుకు నడిపించాడు. 21 సెకన్లుండగా స్కాట్ బెంట్లీ తన్నిన ఫీల్డ్ గోల్‌తో స్కోరు 18-16కు మారింది. ఫ్రేజియర్ అప్పటికీ వదల్లేదు. ఒక పాస్ విసిరి, ఆఖరి సెకను మిగిలి ఉండగా జట్టును మళ్లీ కిక్ కొట్టగలిగే దూరానికి తెచ్చాడు. 45 గజాల ఆ కిక్ గురితప్పి ఎడమపక్కకు పోయింది. ఫ్లోరిడా స్టేట్‌కు మొట్టమొదటి జాతీయ చాంపియన్‌షిప్ దక్కింది.

దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీని ఆ సీజన్‌కు వార్డ్ గెలుచుకున్నాడు. ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచినవాడికన్నా అతనికి 1,622 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. ఫ్రేజియర్ ఆ తర్వాత రెండేళ్లూ వరసగా నెబ్రాస్కాకు జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. అయినా ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1994లో వార్డ్ పేరు గానీ 1996లో ఫ్రేజియర్ పేరు గానీ ఎవరూ పలకలేదు.

ఇలాంటివాళ్ల గురించి అమెరికన్ క్రీడాలోకం దగ్గర ఒక తీర్పు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాలేజీలో గొప్పవాడే, కానీ పైస్థాయిలో తేలిపోయాడు. లేదంటే, ఆ మాత్రం అవకాశానికి కూడా నోచుకోలేదు. టీవీ చర్చల్లో, పత్రికల జాబితాల్లో, ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వచ్చినప్పుడల్లా ఇదే మాట. హైజ్‌మన్ గెలిచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడని క్వార్టర్‌బ్యాక్‌లందరినీ ఒక వరసలో నిలబెట్టి విఫలులని చీటీ అంటించడం అక్కడ ఒక ఆనవాయితీ. శనివారం కాలేజీ ఆట, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ చూసే తెలుగు ఇళ్లలోనూ ఈ తీర్పే వినిపిస్తుంది. ఇందులోని ఊహ ఒక్కటే. కాలేజీ ఆట ఒక ప్రవేశపరీక్ష, అసలు బతుకు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉంది, అక్కడ సీటు రాకపోతే ముందు రాసిన పరీక్షకు విలువ లేదు.

ఈ ఊహ తప్పు. తప్పు కావడమే కాదు, ఆ కుర్రాళ్లకు దశాబ్దాలపాటు నష్టం చేసింది కూడా.

క్వార్టర్‌బ్యాక్ పని ఏమిటో తెలిస్తే గానీ ఆ అన్యాయం లోతు అర్థం కాదు. మైదానంలో జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలి జట్టు పాలవుతుంది. దాదాపు ప్రతి ప్రయత్నం క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోనే మొదలవుతుంది. విసరాలా, ఇంకొకరికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది అతను తేల్చుకోవాలి. నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్బర్న్ ఆడించిన ‘ఆప్షన్’ పద్ధతిలో ఈ నిర్ణయం మరీ కఠినం. క్వార్టర్‌బ్యాక్ బంతితో గీత వెంబడి అడ్డంగా పరుగెడుతూ ఎదుటి రక్షకుల్లో ఒకడి అడుగులు చదవాలి. వాడు తనమీదికి వస్తే పక్కన పరుగెత్తుకొస్తున్నవాడికి బంతి విసిరెయ్యాలి, అటు మళ్లితే తానే లోపలికి దూసుకుపోవాలి. ఆలోచించుకోవడానికి ఉండేది రెప్పపాటు. తప్పితే బంతి నేలపాలు, తన ఒళ్లు హూనం.

ఫ్రేజియర్ ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రాడెంటన్ నుంచి 1992లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఉన్న లింకన్ నగరానికి వచ్చాడు. మొదటి సంవత్సరం విద్యార్థిగా ఉండగానే, సీజన్ మధ్యలో, జట్టు పగ్గాలు అతని చేతికొచ్చాయి. నాలుగేళ్లలో అతను మొదటినుంచీ బరిలో దిగిన ఆటల్లో 33 గెలిచాడు, మూడు ఓడాడు. ఆ మూడు ఓటముల్లో రెండు ఆరెంజ్ బౌల్‌లో వార్డ్ జట్టు చేతిలోనే. 1994 సీజన్ మొదట్లో కుడి మోకాలి వెనక నరాల్లో రక్తం గడ్డకట్టి ఫ్రేజియర్ మంచానపడ్డాడు. అతనికి బదులు క్వార్టర్‌బ్యాక్‌గా బ్రూక్ బెరింజర్ ఆ భారం ఎత్తుకున్నాడు. ఊపిరితిత్తి దెబ్బతిన్నా తిరిగొచ్చి ఆడి, జట్టును ఓటమి లేకుండా సీజన్ చివరికి చేర్చాడు. 1995 జనవరి 1న మయామీ జట్టుతో ఆరెంజ్ బౌల్ ఆట ఫ్రేజియర్‌తో మొదలై, మధ్యలో బెరింజర్ చేతికి పోయి, నాలుగో క్వార్టర్‌లో మళ్లీ ఫ్రేజియర్ చేతికొచ్చింది. నెబ్రాస్కా 17-9తో వెనకబడి ఉంది. ఫుల్‌బ్యాక్ కోరీ ష్లెసింగర్ రెండుసార్లు మధ్యనుంచి చీల్చుకుపోయాడు. 24-17తో గెలుపు. ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూసిన ఆస్బర్న్‌కు అదే మొదటి చాంపియన్‌షిప్.

1995 జట్టును కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యుత్తమమని అనేవాళ్లు చాలామంది. ఆటకు సగటున 53 పాయింట్లు. పన్నెండుకు పన్నెండు గెలుపులు. ప్రత్యర్థుల్లో ఒక్కరు కూడా పద్నాలుగు పాయింట్లకన్నా దగ్గరికి రాలేకపోయారు. 1996 జనవరి 2న అరిజోనాలోని టెంపీలో ఫియెస్టా బౌల్. ఎదురుగా ఫ్లోరిడా, దాని కోచ్ స్టీవ్ స్పరియర్, క్వార్టర్‌బ్యాక్ డానీ వుర్ఫెల్. బంతిని గాలిలో ఆడించే ఆ జట్టు వేగం ముందు నేలమీద పరుగులు పెట్టే నెబ్రాస్కా ఆట నిలవదన్నారు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి ఫ్లోరిడా 10-6తో ముందుంది. విరామానికి నెబ్రాస్కా 35-10. చివరికి 62-24.

ఆ ఆటలో మూడో క్వార్టర్ చివర ఫ్రేజియర్ పరుగు ఒకటుంది. బంతితో కుడివైపు తిరిగాడు. ఒకడు పట్టుకున్నాడు, ఇంకొకడు మీద పడ్డాడు, మరో ఇద్దరు నడుముకు వేలాడారు. అందరూ కింద పడతారనుకున్న చోట, ఆ గుంపులోంచి అతను నిలువుగా బయటికొచ్చి 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. పదహారు పరుగుల్లో 199 గజాలు సాధించాడు ఆ రోజు, ఒక క్వార్టర్‌బ్యాక్! ఆట తీరు ఎరగనివాళ్లు చూసినా ఒళ్లు జలదరించే పరుగు అది. ముప్ఫై ఏళ్లుగా టీవీలో వేస్తూనే ఉన్నారు, జనం చూస్తూనే ఉన్నారు. ఇంత చేసినవాడు ఇంకా ఏదో రుజువు చేయాల్సి ఉందని చెప్పడానికి నోరెలా వస్తుంది?

నాలుగు నెలల తర్వాత డ్రాఫ్ట్ జరిగింది. ఆ ఏడు మొదటి రౌండ్‌లో ఏ జట్టూ క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోలేదు. 42వ ఎంపికగా మిషిగన్ స్టేట్ నుంచి టోనీ బ్యాంక్స్ పోయాడు. ఫ్రేజియర్‌ను ఎవరూ అడగలేదు. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాడి మీద డబ్బు పెట్టడానికి జట్లు జంకాయి. వ్యాపారం చేసేవాళ్లకు ఆ భయం సహజమే, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కెనడాలో మాంట్రియల్ జట్టుకు కొద్దికాలం ఆడాక జబ్బు తిరగబెట్టి అతని ఆట ముగిసింది. క్రోన్స్ అనే పేగుల వ్యాధి కూడా అతన్ని పీడించింది. మోకాలి వెనక నరంలో గడ్డకట్టిన రక్తం వైద్యుడు రాసుకోవాల్సిన విషయం. దాన్ని ఆటకు ఇచ్చిన మార్కుగా చదవడం ఏ న్యాయం?

బెరింజర్ కథ ఇంకా గుండె కోస్తుంది. ఆ డ్రాఫ్ట్‌లో అతన్ని ఏదో ఒక జట్టు తీసుకుంటుందని అందరూ అనుకున్నారు. సరిగ్గా రెండు రోజుల ముందు, 1996 ఏప్రిల్ 18న, తాను నడుపుతున్న చిన్న విమానం కూలి చనిపోయాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ కొలత ప్రకారం అతను సున్నా. లింకన్ స్టేడియం బయట ఆస్బర్న్ పక్కన అతని విగ్రహం ఉంది. మిత్రుడు మంచాన పడినప్పుడు జట్టును మోసి, అతను కోలుకోగానే పేచీ పెట్టకుండా పక్కకు తప్పుకున్న కుర్రాణ్ణి ఆ ఊరు ఏ లెక్కన తూచిందో ఆ విగ్రహం చూస్తే తెలుస్తుంది.

వార్డ్ సంగతి వేరు. అతని ఒంట్లో ఏ జబ్బూ లేదు. జార్జియాలోని థామస్‌విల్ కుర్రాడు. 1993 సీజన్‌లో 27 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, ప్రత్యర్థుల చేతికిచ్చినవి నాలుగే. ఆ ఏడే ఫ్లోరిడా స్టేట్ విద్యార్థి సంఘం ఉపాధ్యక్షుడు కూడా. బాస్కెట్‌బాల్‌లోనూ అంతే దిట్ట. మొదటి రౌండ్‌లో తీసుకుంటేనే ఫుట్‌బాల్, లేకపోతే బాస్కెట్‌బాల్ అని అతను దాచకుండా చెప్పాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి ఎత్తు చాలదని స్కౌట్లు పెదవి విరిచారు. ఏడు రౌండ్లు గడిచిపోయాయి. న్యూయార్క్ నిక్స్ జట్టు బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్‌లో 26వ ఎంపికగా అతన్ని తీసుకుంది. ఎన్‌బీఏలో పదకొండు సీజన్లు ఆడాడు. నిక్స్‌తో 1999 ఫైనల్స్ దాకా వెళ్లాడు. తర్వాత హైస్కూలు పిల్లలకు కోచ్ అయ్యాడు. ఈ జీవితంలో వైఫల్యం ఎక్కడుందో ఆ మాట అనేవాళ్లే చూపించాలి.

ఇంకో వైపు చూస్తే తీర్పిచ్చేవాళ్ల కళ్లజోడు ఎంత మసకో తేలుతుంది. హైజ్‌మన్ ఓటింగ్‌లో వార్డ్‌కు అంత దూరాన రెండో స్థానంలో నిలిచినవాడు టెన్నెసీ క్వార్టర్‌బ్యాక్ హీత్ షూలర్. స్కౌట్లకు నచ్చిన ఎత్తు, నచ్చిన చెయ్యి. వాషింగ్టన్ జట్టు అతన్ని మొత్తం డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తీసుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను విసిరిన టచ్‌డౌన్‌లు 15, ప్రత్యర్థులకు చిక్కినవి 33. అదే జట్టు అదే ఏడు ఏడో రౌండ్‌లో తీసుకున్న గస్ ఫ్రెరాట్ అతని స్థానం లాగేసుకున్నాడు. షూలర్ ఆట వదిలి, నార్త్ కరోలైనా నుంచి ఆరేళ్లు అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడిగా పనిచేశాడు. షూలర్‌ను ఎంచుకున్న ఆరేళ్లకు, 2000లో జరిగిన డ్రాఫ్ట్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన టామ్ బ్రేడీని 199వ ఎంపిక దాకా ఎవరూ ముట్టుకోలేదు. ఇలాంటి చేతులు వేసిన తూకాన్ని పట్టుకుని కుర్రాళ్ల నాలుగేళ్ల ఆటకు విలువ కట్టమంటున్నారు.

ఎన్‌ఎఫ్‌ఎల్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది. దాన్ని దాటవేయకూడదు. అక్కడ ప్రతి రక్షకుడూ తన కాలేజీలో మేటి, వేగం ఎక్కువ, తప్పుకు క్షమ లేదు, కాబట్టి అసలు నైపుణ్యం అక్కడే బయటపడుతుందంటారు. వేగం ఎక్కువన్న మాట నిజం. కానీ ఆడేది అదే ఆట కాదు. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. బంతిని తిరిగి ఉంచే హ్యాష్ గీతల మధ్య దూరం మాత్రం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర. అంటే కాలేజీలో బంతి ఒక గీత మీద ఉంటే అవతలి పక్కన వంద అడుగుల ఖాళీ దొరుకుతుంది. ఆస్బర్న్ ఆప్షన్ ఆట బతికింది ఆ ఖాళీలోనే. కాలేజీలో పాస్ పట్టినవాడి ఒక్క పాదం గీత లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. కాలేజీలో పరుగెత్తేవాడు తనంతట తాను జారిపడినా ఆట ఆగిపోతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అవతలివాడు తాకాలి. కొలతలు, నిబంధనలు, జట్టుకట్టే పద్ధతి అన్నీ వేరైనప్పుడు ఒక దాంట్లో ప్రావీణ్యాన్ని ఇంకో దాని పరీక్షతో కొట్టేయడం కుదరదు.

పైగా ఎన్‌ఎఫ్‌ఎల్ చేతిలోని ఆ కొలబద్ద ఏనాడూ నిటారుగా లేదు. 1978 జనవరిలో రోజ్ బౌల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 27-20తో మిషిగన్‌ను ఓడించినప్పుడు ఆ ఆటకు ఉత్తమ ఆటగాడు వారెన్ మూన్. అతను నల్లజాతివాడు. క్వార్టర్‌బ్యాక్‌కు బుర్ర కావాలి, నల్లవాళ్లు పరుగుకే పనికొస్తారన్న దురభిప్రాయం ఆనాటి జట్ల యాజమాన్యాల్లో పాతుకుపోయి ఉంది. మరో స్థానానికి మారమని సలహాలొచ్చాయి. మూన్ ఒప్పుకోలేదు. పన్నెండు రౌండ్ల డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. కెనడా వెళ్లి ఎడ్మంటన్ జట్టుతో వరసగా ఐదు గ్రే కప్‌లు గెలిచాక, 1984లో హ్యూస్టన్ పిలిచింది. 2006లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే. ఆ ఆరేళ్లూ మూన్ ఆటలో లోపం లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. కెనడా అనే ఇంకో దారి లేకపోయి ఉంటే ఈనాటి జాబితాల్లో మూన్ కూడా ‘కాలేజీ దాటనివాడి’గానే మిగిలిపోయేవాడు.

అది పాతకాలపు మాట అని కొట్టిపారేయడానికి వీల్లేదు. లూయీవిల్‌లో 2016 హైజ్‌మన్ గెలిచిన లామార్ జాక్సన్‌ను రిసీవర్‌గా మారమని 2018లో బిల్ పోలియన్ అన్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లను దశాబ్దాలు నడిపిన మనిషి ఆయన. ఆ ఏడు మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికైతే అందరికన్నా చివర, 32వ స్థానంలో జాక్సన్‌ను బాల్టిమోర్ తీసుకుంది. మరుసటి ఏడే అతను 1,206 గజాలు పరుగెత్తి, ఓటువేసిన ప్రతి ఒక్కరి ఓటుతో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. పోలియన్ తన అంచనా తప్పని ఒప్పుకున్నాడు. జాక్సన్ కోసం బాల్టిమోర్ తన పద్ధతి మొత్తం మార్చుకుంది. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎటు చూసినా పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లే. ఫ్రేజియర్ ఇరవై ఏళ్ల ముందు ఆడిన ఆటను చిన్నచూపు చూసిన లీగ్ ఆ తర్వాత దాన్నే తెచ్చుకుని అలంకరించుకుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ శిఖరం, కాలేజీ మెట్టు అన్న ఆలోచన కూడా అనాదిది కాదు. మొట్టమొదటి హైజ్‌మన్ 1935లో షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బర్వాంగర్‌కు దక్కింది. 1936లో జరిగిన మొట్టమొదటి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికా అతనే. జీతం కుదరక అతను ఎన్‌ఎఫ్‌ఎల్ వైపే వెళ్లలేదు. ఉద్యోగం చేసుకున్నాడు, తర్వాత వ్యాపారం పెట్టుకున్నాడు. అతన్ని విఫలుడని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో జనానికి అసలు ఆట కాలేజీ ఆటే. 1934 నుంచి 1976 దాకా షికాగోలో దాదాపు ఏటా కాలేజీ మేటి ఆటగాళ్ల జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్ చాంపియన్‌తో తలపడేది. తొమ్మిదిసార్లు కాలేజీ కుర్రాళ్లే గెలిచారు. 1963లో విన్స్ లొంబార్డీ శిక్షణలోని గ్రీన్ బే ప్యాకర్స్ వాళ్ల చేతిలో 20-17తో ఓడింది. టెలివిజన్ డబ్బుతో ఎన్‌ఎఫ్‌ఎల్ బలిసింది. 1980 నుంచి డ్రాఫ్ట్ కూడా టీవీ కార్యక్రమం అయింది. నాటినుంచి ప్రతి కాలేజీ ఆటనూ రాబోయే ఏప్రిల్ కోసమే చూడటం అలవాటైపోయింది.

క్రికెట్ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. రంజీ ట్రోఫీలో 637 వికెట్లు తీసిన రాజిందర్ గోయల్‌కు ఒక్క టెస్టు దక్కలేదు. బిషన్ సింగ్ బేడీ ఉన్న కాలంలో పుట్టడం అతని తప్పా? 2017లో క్రికెట్ బోర్డు గోయల్‌కు సి.కె.నాయుడు జీవనసాఫల్య పురస్కారం ఇచ్చింది. రోహ్‌తక్ మైదానంలో అతని బంతి తిరిగిన తిరుగుడుకు టెస్టు టోపీ కలిపేదీ లేదు, తీసేదీ లేదు.

ఇంతకీ కాలేజీ ఆట ఎవరి కోసం? నెబ్రాస్కా రాష్ట్రానికి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, ఎన్‌బీఏ జట్టు లేదు, పెద్ద బేస్‌బాల్ జట్టూ లేదు. మొక్కజొన్న పొలాల మధ్య వందల మైళ్ల దూరం నుంచి శనివారాల్లో జనం ఎర్రచొక్కాలు తొడుక్కుని లింకన్‌కు వస్తారు. 1962 నవంబరు నుంచి ఆ స్టేడియంలో ఆటకు టికెట్లు మిగలడమన్నది లేదు. ఆట రోజున జనాభాలో ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరమవుతుంది. ఆ మనుషులకు 1995 ఏదో రాబోయేదానికి మొదలు కాదు, అదే నిండు పంట. వాళ్లు చూసింది, ఏడ్చింది, పిల్లలకు చెప్పుకున్నది ఫ్రేజియర్ లింకన్‌లో ఆడిన ఆటనే. డల్లాస్‌లోనో డెన్వర్‌లోనో ఎవరో ఒక మేనేజర్ ఏప్రిల్‌లో ఫోన్ ఎత్తలేదని ఆ గెలుపుల్లో ఒక్క గజం కూడా తగ్గదు.

రెండుచోట్లా నెగ్గినవాళ్ల విషయంలోనూ ఇదే న్యాయం. 2019 సీజన్‌లో జో బరో ఎల్‌ఎస్‌యూ జట్టును పదిహేనుకు పదిహేను గెలిపించాడు, 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, హైజ్‌మన్ అందుకున్నాడు. హైజ్‌మన్ వేదిక మీద తాను పెరిగిన ఒహాయో రాష్ట్రపు ఏథెన్స్ కౌంటీలో పిల్లలు ఆకలితో ఇళ్లకు వెళ్తున్నారని కన్నీళ్లతో చెప్పాడు. అక్కడి ఆహార నిధికి దేశం నలుమూలల నుంచి విరాళాలు వెల్లువెత్తి లక్షల డాలర్లు చేరాయి. మరుసటి నవంబరులో, ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి సీజన్‌లోనే, అతని మోకాలు చితికింది. బరో కోలుకుని మళ్లీ మేటి అయ్యాడు. కోలుకోకపోయి ఉంటే? ఆ పదిహేను గెలుపులు ఓటములైపోయేవా, ఆ పిల్లల పళ్లేల్లోని తిండి మాయమయ్యేదా? టిమ్ టీబో విషయంలో సరిగ్గా ఈ అన్యాయమే చేస్తున్నారు. ఫ్లోరిడాలో రెండు జాతీయ చాంపియన్‌షిప్‌లలో పాలుపంచుకుని, రెండో ఏడాది విద్యార్థిగా హైజ్‌మన్ గెలిచిన మొదటి ఆటగాడిగా నిలిచినా, అతని పేరెత్తితే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గురి కుదరని పాస్‌లే గుర్తుచేస్తారు.

ఇదంతా అభిమానుల కాలక్షేపపు వాదన అయితే ఇంత ఆవేశం అక్కర్లేదు. కానీ కాలేజీ ఆట కేవలం సోపానమన్న నమ్మకం మీద ఒక పెద్ద వ్యాపారం నడిచింది. విశ్వవిద్యాలయాలు టికెట్లు అమ్మాయి, టీవీ హక్కులు అమ్మాయి, కోచ్‌లకు లక్షల్లో జీతాలిచ్చాయి. ఆడిన కుర్రాళ్లకు దక్కింది స్కాలర్‌షిప్, భోజనం, వసతి. వాటా అడిగితే చెప్పిన సమాధానాల్లో ముఖ్యమైనది ఒకటి: ఇది చదువుకునే దశ, సంపాదన తర్వాత పైస్థాయిలో ఉంటుంది. అవతల ఎన్‌ఎఫ్‌ఎల్, హైస్కూలు దాటి మూడేళ్లు గడవందే ఎవరినీ తీసుకోదు. ఒహాయో స్టేట్ ఆటగాడు మోరిస్ క్లారెట్ ఆ నిబంధన మీద కోర్టుకెక్కి 2004లో ఓడిపోయాడు. అంటే అప్పట్లో కాలేజీ డబ్బిచ్చేది కాదు, ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తీసేది కాదు. ఆ మూడేళ్లలో చితికిన మోకాళ్ల ఖరీదు కుర్రాడిదే. ఆ ‘తర్వాత’ ఎందరికి వస్తుంది? డ్రాఫ్ట్‌కు అర్హులైన కాలేజీ ఆటగాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరేది రెండు శాతం కూడా ఉండరని కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ స్వయంగా లెక్క చెబుతుంది. నూటికి తొంభై ఎనిమిది మందికి రాని రోజును చూపించి వాళ్ల ఈనాటి కూలి ఎగ్గొట్టారు.

చదువైనా దక్కనిచ్చారా అంటే, నార్త్‌వెస్టర్న్ క్వార్టర్‌బ్యాక్ కెయిన్ కోల్టర్ చెప్పింది వినాలి. డాక్టర్ కావాలని వచ్చిన అతను, ప్రాక్టీసు వేళలతో ఢీకొన్నందుకు కెమిస్ట్రీ క్లాసు వదులుకోవాల్సి వచ్చిందనీ, చివరికి సైకాలజీకి మారాననీ 2014లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు విచారణలో సాక్ష్యమిచ్చాడు. సీజన్‌లో వారానికి నలభై, యాభై గంటలు ఫుట్‌బాల్‌కే పోతాయన్నాడు. మెడికల్ సీటు కోసం ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టే తల్లిదండ్రులున్న తెలుగునేల మీద ఆ మాట బరువు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. కోల్టర్, అతని సహచరులు యూనియన్ కోసం పోరాడారు. వీళ్లు ఉద్యోగులేనని 2014 మార్చి 26న బోర్డు ప్రాంతీయ అధికారి పీటర్ ఓర్ తీర్పిచ్చారు. ఏప్రిల్‌లో ఆటగాళ్లు ఓటు వేశారు. ఆ ఓట్ల పెట్టె తెరవనే లేదు. 2015 ఆగస్టులో బోర్డు ఈ వ్యవహారం తన పరిధిలోకి తీసుకోనని తేల్చేసింది. ఆ కోల్టర్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు కాబట్టి అతని కాలేజీ జీవితం పెద్ద విశేషం కాదన్నట్టు రాసినవాళ్లున్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మార్పుకూ బాట వేసినవాళ్లలో అతనొకడు.

2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దీంతో కాలేజీ ఆట చెడిపోయిందని వాపోయేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది నిన్నటిదాకా ఆ ఆటను ఎన్‌ఎఫ్‌ఎల్‌కు నర్సరీగా చూసినవాళ్లే. నర్సరీ అయితే దాని పవిత్రత గురించి అంత బెంగ ఎందుకు? పవిత్రమే అయితే ఆ ఆటలో జీవితం పండించుకున్నవాణ్ణి విఫలుడనడం ఎందుకు? రెండు నాల్కలతో మాట్లాడటం వాళ్లు మానుకోవాలి.

2025 జూన్ 6న ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసులో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో విద్యాసంస్థ పంచగల మొత్తం రెండు కోట్ల డాలర్లకు పైమాటే. గతంలో ఇవ్వనిదానికి పరిహారంగా దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలని కూడా ఒప్పుకున్నారు. కాలేజీ ఆటకు కాలేజీలోనే విలువ ఉందని, అది రేపటి దేనికో అడ్వాన్సు కాదని, కోర్టు సాక్షిగా విశ్వవిద్యాలయాలు అంగీకరించినట్టే లెక్క. అయితే ఆ పరిహారం 2016 నుంచి ఆడినవాళ్లకే వర్తిస్తుంది. ఫ్రేజియర్‌కు గానీ, వార్డ్‌కు గానీ, ఫుట్‌బాల్ కోసం కెమిస్ట్రీ వదులుకున్న కోల్టర్‌కు గానీ అందులో ఒక్క డాలరు రాదు. ఫియెస్టా బౌల్‌లోని ఆ 75 గజాల పరుగును మాత్రం చానళ్లు ప్రతి జనవరిలోనూ మళ్లీ మళ్లీ చూపిస్తాయి, మధ్యలో ప్రకటనలు వేసుకుంటాయి.